చేతులు మారితే ఒక చట్టం, రోడ్డెక్కితే ఇంకో చట్టం: అమెరికాలో స్టేట్ దాటే తుపాకీ సంగతి

డాలస్‌లో ఉన్నప్పుడు పిస్టల్ కొని, న్యూజెర్సీకి ఉద్యోగం మారేటప్పుడు దాన్ని అక్కడే ఫ్రెండ్ ఇంట్లో వదిలేసి వచ్చినవాడు ఇప్పుడు దాన్ని ఎలా తెచ్చుకోవాలి? అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ మధ్య ఈ ప్రశ్న వేసి చూడండి. "నీ వస్తువే కదా, వెళ్ళి తెచ్చుకో" అంటాడొకడు. "బాక్సులో పెట్టి పోస్ట్ చెయ్యమను, అయిపోతుంది" అంటాడు ఇంకొకడు. మూడోవాడు "బాబోయ్, స్టేట్ దాటిస్తే ఫెడరల్ కేసు" అని టెన్షన్ పెడతాడు. మొదటివాడి మాట సగం నిజం, మూడోవాడిదీ సగం నిజం. రెండోవాడి మాట వింటే మాత్రం అసలుకే మోసం.

ఈ గందరగోళం తీరాలంటే రెండు ప్రశ్నల్ని విడదీసి చూడాలి. తుపాకీ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్తోందా? లేక ఓనరే తన తుపాకీని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్తున్నాడా? మొదటిదానికి ఒక ఫెడరల్ చట్టం ఉంది, రెండోదానికి వేరే సెక్షన్ ఉంది, ఆ రెండింటి మీదా ఏ స్టేట్ రూల్స్ ఆ స్టేట్‌వి. మనకి ఇండియాలో ఇలాంటి చిక్కు తక్కువ, ఎందుకంటే 1959 ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒకటే, లైసెన్స్ ఏ ప్రాంతం దాకా చెల్లుతుందో ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. అమెరికాలో చాలా స్టేట్స్‌లో అలాంటి కాగితమే ఉండదు, పక్క స్టేట్‌లో అది లేకపోతే నేరం.

ఈ రెండు ప్రశ్నల కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది: ఆ మనిషి అసలు తుపాకీ పట్టుకోవచ్చా? హెచ్‌1బీ, హెచ్‌4, ఎల్‌1, ఎఫ్‌1, టూరిస్ట్ వీసా, ఏదైనా సరే, వీటి మీద వచ్చినవాళ్ళని చట్టం నాన్ ఇమిగ్రెంట్స్ కింద లెక్కేస్తుంది. 1998 నుంచి వీళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. దీని వెనక ఒక ఘటన ఉంది. 1997 ఫిబ్రవరిలో, టూరిస్ట్ వీసా మీద వచ్చిన ఒక పెద్దాయన ఫ్లోరిడాలో మోటెల్ అడ్రస్‌తో ఐడీ కార్డు తీసుకుని, దాంతో పిస్టల్ కొని, న్యూయార్క్ పట్టుకెళ్ళి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైన జనం మీద కాల్పులు జరిపాడు. మరుసటి ఏడాదే వీసాదారుల మీద నిషేధం వచ్చింది. దానికి ఒక మినహాయింపు కూడా పెట్టారు, వింతగానే ఉంటుంది: అమెరికాలో ఏదైనా స్టేట్ ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండి, దాని గడువు తీరకపోతే ఈ నిషేధం వర్తించదు. గడువు తీరిన మర్నాడు అదే మనిషి, అదే తుపాకీ, కానీ నేరం. 2022 సవరణ తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు.

ఇచ్చినవాడు కూడా తప్పించుకోలేడు. ఎదుటివాడికి అర్హత లేదని తెలిసి, లేదా తెలిసే కారణం ఉండి చేతికిస్తే అది విడిగా నేరం. అంటే డాలస్‌లో పిస్టల్ దాచమని ఇచ్చిన ఆ ఫ్రెండ్ హెచ్‌1బీ మీద ఉన్నవాడై, హంటింగ్ లైసెన్స్ లేనివాడైతే, స్టేట్ దాటే ప్రశ్న రాకముందే ఇద్దరూ ఇరుక్కున్నట్టే. సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అద్దె పిస్టల్‌తో కాల్చడం కూడా చట్టం కళ్ళకి "దగ్గర ఉంచుకోవడమే". స్టూడెంట్ వీసా మీద వచ్చి, మార్కులు రాక యూనివర్సిటీ తీసేస్తే స్టేటస్ పోయిన ఒక కుర్రాడు ఫ్లోరిడాలో రేంజ్‌కి వెళ్ళి కాల్చినందుకు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వమే నిరూపించాలని 2019లో కోర్టు చెప్పింది. అతనికి అది ఊరటే గానీ, వీసా స్టాంపు పాస్‌పోర్టులో కొట్టించుకుని వచ్చినవాడు "నాకు తెలీదు" అంటే నమ్మేదెవరు?

గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టంలో ఈ నిషేధం లేదు, సిటిజన్ లాగే కొనుక్కోవచ్చు. కాకపోతే వాళ్ళ నెత్తిన ఇంకో కత్తి వేలాడుతూ ఉంటుంది. ఇమిగ్రేషన్ చట్టంలో, తుపాకీకి సంబంధించిన నేరంలో దోషిగా తేలితే దేశం నుంచి పంపించెయ్యడానికి అదొక్కటే చాలని రాసి ఉంది, అమ్మడం, కొనడం, దగ్గర పెట్టుకోవడం అన్నీ అందులోకి వస్తాయి. సిటిజన్ ఫైన్ కట్టి బయటపడే కేసులో గ్రీన్‌కార్డ్ మనిషి ఇల్లూ వాకిలీ పోగొట్టుకోవచ్చు. కాబట్టి కింద చెప్పేవన్నీ వాళ్ళు మరింత శ్రద్ధగా చదవాలి.

ఇక మొదటి ప్రశ్న, చేతులు మారడం. 1963లో కెనెడీని చంపడానికి ఓస్వాల్డ్ వాడిన రైఫిల్ అతను ఏ షాపుకీ వెళ్ళి కొన్నది కాదు. పత్రికలో ప్రకటన చూసి, చికాగోలోని క్లైన్స్ అనే స్పోర్టింగ్ గూడ్స్ కంపెనీకి మారుపేరుతో ఆర్డర్ పంపితే, 21 డాలర్ల 45 సెంట్లకి పోస్టు ఖర్చుతో సహా డాలస్‌లోని అతని పోస్ట్ బాక్స్‌కి వచ్చేసింది. అది ఆ రోజుల్లో పూర్తిగా మామూలు వ్యవహారం. చట్టం మార్చడానికి కాంగ్రెస్ ఐదేళ్ళు తాత్సారం చేసింది, 1968లో ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని, జూన్‌లో రాబర్ట్ కెనెడీని చంపాక గానీ కదలలేదు. ఆ అక్టోబర్‌లో జాన్సన్ సంతకం పెట్టిన గన్ కంట్రోల్ యాక్టే ఇప్పటికీ దీనికంతటికీ మూలం.

ఆ చట్టం పెట్టిన గోడ ఇది: డీలర్ లైసెన్స్ లేని మామూలు మనిషి, వేరే స్టేట్‌లో నివసించే మామూలు మనిషికి తుపాకీ అమ్మకూడదు, ఇవ్వకూడదు, పంపకూడదు, చేరవేయకూడదు. తీసుకునేవాడి వైపు నుంచి కూడా అంతే, తన స్టేట్ బయట సంపాదించిన తుపాకీని తన స్టేట్‌లోకి తెచ్చుకోకూడదు. "ఇవ్వకూడదు" అన్న మాట దగ్గర జనం పట్టించుకోకుండా దాటిపోతారు. డబ్బు చేతులు మారకపోయినా, సొంత తండ్రీ కొడుకులైనా సరే. టెక్సస్‌లో ఉండే నాన్న, న్యూయార్క్ నుంచి సెలవులకి వచ్చిన కొడుకుతో "ఇక ఇది నీదే రా, తీసుకెళ్ళు" అని పిస్టల్ చేతిలో పెడితే, తెలిసి చేసిన పక్షంలో ఇద్దరికీ ఐదేళ్ళ దాకా జైలు పడే నేరం అది. పుట్టినరోజు కానుకైనా చట్టానికి ఒకటే.

మరి నాన్న ఎలా ఇవ్వాలి? లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారా. ఇక్కడ అందరూ ఎఫ్‌ఎఫ్‌ఎల్ అంటారు, అంటే ఫెడరల్ లైసెన్స్ ఉన్న గన్ షాపు. నాన్న తన ఊళ్ళో షాపులో పిస్టల్ అప్పజెబుతాడు, ఆ షాపు న్యూయార్క్‌లో కొడుకు ఇంటి దగ్గర ఉన్న షాపుకి పంపుతుంది. కొడుకు అక్కడికి ఫొటో ఐడీ పట్టుకెళ్ళి 4473 అనే ఫారం నింపాలి. పేరు, అడ్రస్, ఎత్తు, బరువు, తర్వాత అవును, కాదు ప్రశ్నల వరుస: ఈ తుపాకీ అసలు నీ కోసమేనా, ఏడాది దాటి శిక్ష పడగల నేరంలో ఎప్పుడైనా దోషిగా తేలావా, గంజాయి లాంటివి వాడతావా, నువ్వు వీసా మీద ఉన్నవాడివా, అయితే హంటింగ్ లైసెన్స్ ఉందా. గంజాయి ప్రశ్న కింద, మీ స్టేట్‌లో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధమేనని హెచ్చరిక కూడా అచ్చేసి ఉంటుంది. అబద్ధం టిక్ పెడితే ఆ సంతకమే కేసు. అది అయ్యాక షాపువాడు ఎఫ్‌బీఐ చెక్ నడుపుతాడు, నిక్స్ అంటారు, 1998 నవంబర్‌లో మొదలైంది, కొన్ని స్టేట్స్‌లో స్టేట్ పోలీసుల ద్వారా జరుగుతుంది. చాలామందికి నిమిషాల్లో జవాబు వస్తుంది. "డిలే" అని వస్తే ఫెడరల్ చట్టం ప్రకారం మూడు పనిరోజులు ఆగాలి, 21 ఏళ్ళు నిండనివాళ్ళకి అది పది పనిరోజుల దాకా సాగొచ్చు. ఇదంతా ఫెడరల్ భాగం. న్యూయార్క్‌లో పిస్టల్ ముట్టుకోవడానికే ముందు స్టేట్ లైసెన్స్ కావాలి, అది చేతిలో లేకుండా కొడుకు ఆ షాపు మెట్లెక్కినా లాభం లేదు.

రైఫిల్, షాట్‌గన్ అయితే ఒక వెసులుబాటు ఉంది. 1986 సవరణ తర్వాత వేరే స్టేట్‌కి వెళ్ళినవాడు అక్కడి డీలర్ దగ్గరే ఎదురుగా నిలబడి వాటిని కొనుక్కోవచ్చు, రెండు స్టేట్స్ చట్టాలూ ఒప్పుకోవాలి, అంతే. పిస్టల్, రివాల్వర్‌కి ఈ దారి లేదు, సొంత స్టేట్ డీలర్ ద్వారానే రావాలి. ఈ తేడా రాజ్యాంగానికి విరుద్ధమని టెక్సస్‌లో కేసు వేస్తే కింది కోర్టు 2015లో అవునంది, 2018లో ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఆ తీర్పు కొట్టేసి రూల్‌ని నిలబెట్టింది.

ఇంతకీ సొంత స్టేట్ ఏదంటే, ఇల్లు చేసుకుని ఉండాలన్న ఉద్దేశంతో ఉంటున్నది. రెండు స్టేట్స్‌లో ఇళ్ళున్నవాళ్ళు ఏ ఇంట్లో ఉంటున్నప్పుడు ఆ స్టేట్ మనిషి. వేరే స్టేట్‌లో చదివే స్టూడెంట్ కాలేజీ ఊళ్ళో ఉంటున్నన్నాళ్ళూ అక్కడివాడే. బంధువుల ఇంట్లో వారం దిగితే మాత్రం మీరు ఆ స్టేట్ మనిషి అయిపోరు.

గోడకి పెట్టిన పెద్ద కిటికీ వారసత్వం. బతికున్న నాన్న చేతికిస్తే నేరమైనది, ఆయన పోయాక వీలునామా ద్వారానో, వీలునామా లేకపోతే వారసత్వ చట్టం ప్రకారమో వస్తే ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు, డీలర్ కూడా అక్కర్లేదు. కొడుకు వెళ్ళి ఆ రైఫిల్‌ని తన స్టేట్‌కి తెచ్చుకోవచ్చు, అతను నిషేధ జాబితాలో లేకపోతే, అతని స్టేట్‌లో ఆ రకం తుపాకీ చెల్లితే. ఈ రెండో షరతు చిన్నది కాదు. కాలిఫోర్నియా కొడుకైతే సేఫ్టీ పరీక్ష పాసై, స్టేట్ జస్టిస్ డిపార్ట్‌మెంట్‌కి రిపోర్టు పంపాలి. ఇంకో తలనొప్పి ఆ కుటుంబంలోనే ఉంటుంది: నాన్న పోయిన వారంలోనే, ఎస్టేట్ వ్యవహారం తేలకముందే, అన్నదమ్ములు "నీకిది, నాకది" అని పంచేసుకుని ఎవరి కార్లో వాళ్ళు వేసుకుని వెళ్ళిపోతారు. వీలునామాలో అన్నకి రాసింది తమ్ముడు తీసుకెళ్తే అది వారసత్వం కాదు, అన్న తమ్ముడికి స్టేట్ దాటించి ఇచ్చిన కానుక. ఇంకా, నాన్న బీరువాలో మెషిన్ గన్నో, గొట్టం కురచ చేసిన రైఫిలో దొరికితే దేన్నీ కదపకండి. వాటికి రిజిస్ట్రేషన్ విడిగా ఉంటుంది, స్టేట్ దాటించడానికి ముందే ఏటీఎఫ్, అంటే తుపాకుల చట్టాలు చూసుకునే ఫెడరల్ సంస్థ, అనుమతి కావాలి. లాయర్‌కి ఇచ్చే ఫీజు దండగ అనిపించని సందర్భం ఇదొక్కటే నాకు తెలిసి.

ఇప్పుడు డాలస్ పిస్టల్. అది తనదే, టెక్సస్‌లో ఉంటున్నప్పుడు చట్టప్రకారం కొన్నదే, కాబట్టి ఇల్లు మారేటప్పుడు సామాన్లతో పాటు తెచ్చేసుకుని ఉంటే ఫెడరల్ చట్టంతో పేచీ లేదు. ప్యాకర్స్ లారీలో వేసినా సరే, అందులో తుపాకీ ఉందని వాళ్ళకి చెప్పాలి. అలా తెచ్చుకున్నాక కొత్త స్టేట్ రూల్స్ మొదలవుతాయి: కాలిఫోర్నియాలోనూ, న్యూజెర్సీలోనూ కొత్తగా వచ్చినవాళ్ళకి 60 రోజుల గడువు, ఆలోపు నమోదు చెయ్యాలి. పదికి మించి తూటాలు పట్టే మ్యాగజీన్ రెండు చోట్లా నిషేధం, టెక్సస్‌లో పిస్టల్‌తో పాటు డబ్బాలో వచ్చిన 15 తూటాల మ్యాగజీన్ అక్కడే వదిలెయ్యాల్సిందే. అలా తెచ్చుకోకుండా ఫ్రెండ్‌కి తాళం చెవితో సహా అప్పజెప్పి వచ్చాడు చూడండి, అక్కడే తేడా కొట్టింది. తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళం తన దగ్గరే ఉంచుకుని, పెట్టె మాత్రం ఫ్రెండ్ ఇంట్లో పెడితే చేతులు మారలేదని చెప్పుకోవచ్చు. ఫ్రెండ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి వాడుకునేలా ఇస్తే అది ట్రాన్స్‌ఫర్ కిందికి పోయే ప్రమాదం ఉంది, తిరిగి తీసుకోవడం ఇంకో ట్రాన్స్‌ఫర్, ఈసారి స్టేట్ దాటి. అలాంటప్పుడు నా ఓటు డీలర్ దారికే. న్యూజెర్సీలో ప్రతి పిస్టల్‌కీ విడిగా పర్మిట్ తీసుకోవాలి, ఆలస్యమవుతుంది, రెండు షాపుల ఫీజులూ కట్టాలి. అయినా రెండు చేతులకీ రికార్డు ఉంటుంది.

స్వయంగా కార్లో తెచ్చుకునేవాళ్ళకి 1986 చట్టం దారి రక్షణ ఇచ్చింది, సేఫ్ ప్యాసేజ్ అంటారు. బయల్దేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ చట్టబద్ధంగా ఉంచుకోగలిగితే, మధ్యలో స్టేట్స్ ఎంత కఠినమైనవైనా దాటిపోవచ్చు. షరతు: తూటాలు తీసేసి ఉండాలి, తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్న చోటి నుంచి చేతికి అందకూడదు, అంటే ట్రంక్‌లో పెట్టాలి. ఎస్‌యూవీ లాగా విడి ట్రంక్ లేకపోతే తాళం వేసిన పెట్టెలో, ఆ పెట్టె గ్లవ్ బాక్సో కన్సోలో కాకూడదు. రాసినంతవరకు స్పష్టంగానే ఉంది. అసలు తిప్పలు మధ్యలో ఆగినప్పుడు. 2005లో యూటా మనిషి ఒకాయన సాల్ట్ లేక్ సిటీ నుంచి పెన్సిల్వేనియా వెళ్తూ పిస్టల్‌ని పద్ధతిగా డిక్లేర్ చేసి లగేజీలో వేశాడు. నెవార్క్‌లో కనెక్షన్ తప్పింది, రాత్రి ఎయిర్‌పోర్టు హోటల్లో ఉండాల్సి వచ్చింది, లగేజీ చేతికిచ్చారు, హోటల్‌కి తీసుకెళ్ళాడు. పొద్దున కౌంటర్‌కి వచ్చి, మళ్ళీ అంతే పద్ధతిగా "ఇందులో పిస్టల్ ఉంది" అని చెప్పాడు. అరెస్ట్ చేశారు, కొన్ని రోజులు జైల్లో ఉన్నాడు. ఛార్జీలు తర్వాత ఎత్తేశారు, ఆయన కేసు వేస్తే 2010లో మూడో సర్క్యూట్ కోర్టు, రాత్రంతా పెట్టె నీ చేతికి అందుబాటులో ఉంది కాబట్టి రక్షణ వర్తించదంది. తన తప్పేమీ లేకుండానే ఇరుక్కున్నాడని కూడా ఆ తీర్పులోనే ఒప్పుకుంది! న్యూజెర్సీ, న్యూయార్క్ మీదుగా వెళ్ళేవాళ్ళు ఆ రెంటి మధ్య రాత్రి మకాం పెట్టుకోకుండా ప్లాన్ చేసుకోమని చెప్పేది అందుకే.

క్యారీ పర్మిట్‌ని, అంటే తుపాకీ వెంట పెట్టుకుని తిరగడానికి స్టేట్ ఇచ్చే అనుమతిని, డ్రైవింగ్ లైసెన్స్ లాగా ఎక్కడైనా చెల్లుతుందనుకునేవాళ్ళు ఇంకా ఎక్కువ దెబ్బ తింటారు. 2013లో ఫిలడెల్ఫియా మహిళ ఒకావిడ పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది కదా అని తూటాలు వేసిన పిస్టల్‌తో నది దాటి న్యూజెర్సీలోకి వచ్చింది. ట్రాఫిక్ పోలీసు ఆపితే తనే నిజాయితీగా చెప్పింది. ఆ స్టేట్ గ్రేవ్స్ యాక్ట్ కింద పెరోల్ లేకుండా కనీసం మూడున్నరేళ్ళు పడే పరిస్థితి. చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చాడు. ప్రతి ఒక్కరికీ గవర్నర్ దొరకడు కదా.

విమానంలో అయితే చెక్ ఇన్ లగేజీలోనే, తూటాలు తీసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి ఇవ్వాలి. చేతి బ్యాగులో మర్చిపోయినవాళ్ళ దగ్గర 2023లో ఎయిర్‌పోర్టు తనిఖీలు చేసే టీఎస్‌ఏ పట్టుకున్న తుపాకులు 6,737, చాలావరకు తూటాలు నిండినవే. పోస్టు సంగతికొస్తే, మామూలు మనిషి పిస్టల్‌ని పోస్టులో పంపకూడదని 1927లోనే చట్టం చేశారు. ప్రైవేటు కొరియర్ కంపెనీలు పెద్దవి ఇప్పుడు లైసెన్స్ ఉన్నవాళ్ళ దగ్గర మాత్రమే తీసుకుంటున్నాయి, కాబట్టి ఎలా చూసినా డీలర్ కౌంటర్ దగ్గరికే వస్తారు. రిపేరుకి మాత్రం ఒక సుఖం ఉంది: వేరే స్టేట్‌లో ఉన్న లైసెన్స్ ఉన్న కంపెనీకి పంపితే, బాగు చేసినదాన్ని, లేదా దాని బదులు కొత్తదాన్ని, వాళ్ళు నేరుగా ఇంటికే పంపొచ్చు, కొత్తగా 4473 అక్కర్లేదు. తాకట్టు పెట్టి విడిపించుకునేవాళ్ళకి ఈ సుఖం లేదు, మీ సొంతదాన్నే వెనక్కి తీసుకుంటున్నా ఫారం నింపాలి, చెక్ దాటాలి.

దొంగతనం పోయిన తుపాకీ వేరే స్టేట్‌లో దొరికితే, అది మీదేనని తేల్చేది సీరియల్ నంబరే. బిల్లు, పెట్టె, దొంగతనం జరిగినప్పుడు ఇచ్చిన పోలీస్ రిపోర్టు నంబరు, ఈ మూడూ పెట్టుకోండి. కేసు కోర్టులో ఉంటే సాక్ష్యంగా ఏళ్ళ తరబడి వాళ్ళ దగ్గరే ఉండొచ్చు. వదిలే రోజున పోలీసులు మీ పేరు మీద నిక్స్ చెక్ నడపొచ్చు, దానికి అనుమతి ఉంది. మీరు వెళ్ళే లోపే అడగాల్సింది ఒకటే: చేతికిస్తారా, మీ ఊరి డీలర్‌కి పంపుతారా? రెండోది కుదిరితే ఆ డీలర్ లైసెన్స్ కాపీని వాళ్ళకి ముందుగా పంపించండి.